హోమ్ థియేటర్ ప్రాసెసర్: రిసీవర్ తర్వాతి మెట్టు

సినిమా ధ్వనిని విప్పి, సరిదిద్ది, ఇంట్లోని స్పీకర్లకు పంచిపెట్టే ఎలక్ట్రానిక్ పరికరం హోమ్ థియేటర్ ప్రాసెసర్. డాల్బీ, డీటీఎస్ సంకేతాలను ఛానళ్లుగా విడదీయడం, వాల్యూమ్ నియంత్రించడం, స్పీకర్ల దూరాలను బట్టి ఆలస్యాలు కలపడం, బేస్‌ను సబ్‌వూఫర్‌కు మళ్లించడం, గది వల్ల వచ్చే లోపాలను సవరించడం దీని పనులు. స్పీకర్‌ను కదిలించే శక్తి మాత్రం దీనికి లేదు. అది విడిగా ఉండే పవర్ యాంప్లిఫయర్ పని. ఈ రెంటినీ ఒకే పెట్టెలో సర్ది, రేడియో ట్యూనర్ కూడా చేరిస్తే అది ఏవీ రిసీవర్ అవుతుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ రిసీవరే.

రిసీవర్ ఉన్నవారు ప్రాసెసర్ కొనడానికి చెప్పే కారణాల్లో చాలావరకు యాంప్లిఫయర్‌కు సంబంధించినవే ఉంటాయి. గట్టిగా పెడితే ధ్వని చెదురుతోందనో, పెట్టె విపరీతంగా వేడెక్కుతోందనో, పెద్ద స్పీకర్లు తెచ్చాక ఇది చాలడం లేదనో అంటారు. విడి యాంప్లిఫయర్ ఒకటి జతచేస్తే తీరిపోయే ఇబ్బందులివి. ప్రాసెసర్ వల్లనే తీరేవి వేరే ఉన్నాయి. ఇంకా ఎక్కువ ఛానళ్లు కావాలనుకోవడం, నాలుగు సబ్‌వూఫర్లను వేర్వేరుగా అదుపు చేయాలనుకోవడం, మెరుగైన గది సవరణ, పొడవైన వైర్ల మీద రొద చేరకుండా చూసుకోవడం అలాంటివి. లోటు శక్తిలో ఉందా, తెలివిలో ఉందా అన్నది ముందు తేల్చుకోకుండా దుకాణానికి వెళితే అమ్మేవాడి మాటే చెల్లుతుంది.

విడి పెట్టెల చరిత్ర

రిసీవర్ ముందు పుట్టిందని, దాన్ని చీల్చి ప్రాసెసర్ చేశారని చాలామంది అనుకుంటారు. జరిగింది అందుకు తలకిందులు. 1970ల మధ్యలో వచ్చిన డాల్బీ స్టీరియో ఎడమ, మధ్య, కుడి, సరౌండ్ అనే నాలుగు ఛానళ్లను ఫిల్మ్ అంచున ఉండే రెండు ట్రాకుల్లో ఇమిడ్చింది. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌తో దానికి పేరొచ్చింది. ఆ రెండు ట్రాకులు వీడియో క్యాసెట్ మీదకు కూడా చెక్కుచెదరకుండా చేరడంతో, ఇంట్లోనూ వాటిని విప్పవచ్చని ఇంజనీర్లు గ్రహించారు. 1982లో ఇళ్ల కోసం డాల్బీ సరౌండ్, 1987లో ప్రో లాజిక్ వచ్చాయి. ప్రో లాజిక్‌లోనూ వెనక స్పీకర్లకు అందేది ఒకటే మోనో ధ్వని, అదీ 7,000 హెర్ట్జ్ దాటదు. అప్పటికే స్టీరియో సెట్ ఉన్నవారు దాన్ని వదులుకోకుండా డీకోడర్ పెట్టె, వెనక స్పీకర్లకు ఇంకో యాంప్లిఫయర్ కొనుక్కునేవారు. మైక్రోఫోన్లకు పేరుపడ్డ షూర్ కంపెనీ, కృత్రిమ ప్రతిధ్వని యంత్రాలు చేసే లెక్సికాన్ 1980లలో అమెరికాలో అలాంటి డీకోడర్లు అమ్మాయి. అన్నిటినీ కలిపి ఒక్క పెట్టె చేయడం ఆ తర్వాత వచ్చిన సౌకర్యం.

డిజిటల్ శకంలో కథ వేగం పుంజుకుంది. 1992లో బ్యాట్‌మన్ రిటర్న్స్‌తో డాల్బీ డిజిటల్ హాళ్లలోకి వచ్చింది. 1993లో జురాసిక్ పార్క్‌తో డీటీఎస్ వచ్చింది. అందులో ధ్వని ఫిల్మ్ మీద ఉండదు. విడిగా సీడీల్లో ఉంటుంది, ఫిల్మ్ మీద కాలాన్ని సూచించే గుర్తులు మాత్రమే ఉంటాయి. తొంభైల చివర్లో తెలుగునాట థియేటర్లు ‘డీటీఎస్’ అని పెద్ద అక్షరాల్లో బోర్డు కట్టి టికెట్లు అమ్ముకున్నది దీని పేరు మీదే. 1995లో డాల్బీ డిజిటల్ లేజర్ డిస్కుల మీదకెక్కింది. డిస్కులో ఆ సంకేతాన్ని రేడియో తరంగం రూపంలో దాచడంతో, దాన్ని బయటికి తీయడానికి డీమాడ్యులేటర్ అనే మరో పెట్టె కావలసి వచ్చింది. డీవీడీ 1996లో జపాన్‌లో, మరుసటి ఏడు అమెరికాలో రాగానే ఆ పెట్టెతో పని లేకుండా పోయింది. 2006లో బ్లూరే డిస్కులు, వాటిలోని ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ ధ్వనిని విప్పకుండా మోయగల హెచ్‌డీఎంఐ 1.3 వచ్చి, అంతకుముందు వేలకు వేలు పోసి కొన్న ప్రాసెసర్లను పాతసామాను చేశాయి. 2014లో తలపై స్పీకర్లను కూడా కలుపుకునే డాల్బీ అట్మాస్ ఇళ్లకు రావడంతో 7.1 ప్రాసెసర్లకు అదే గతి పట్టింది. 2015లో డీటీఎస్:ఎక్స్, 2017 చివర్లో హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం వచ్చాయి.

ఈ ముప్పై ఏళ్లలో ఒక్క విషయం మారలేదు. 1995 నాటి మంచి పవర్ యాంప్లిఫయర్‌కు నేటి అట్మాస్ సినిమాతో ఏ పేచీ లేదు. ధ్వనిని ఎవరు విప్పారో దానికి తెలియదు, తెలియనక్కర్లేదు. స్పీకర్ల సంగతీ అంతే. త్వరగా ముసలిదయ్యేది ప్రాసెసర్ ఒక్కటే. విడి పెట్టెల పద్ధతికి ఉన్న బలమైన సమర్థన ఇదే. తొందరగా పాతబడే భాగాన్ని, దశాబ్దాలు నిలిచే భాగం నుంచి వేరుచేసి పెట్టుకోవచ్చు. ఇదే వాదం ఖరీదైన ప్రాసెసర్లకు ఎదురు తిరుగుతుందన్న సంగతి అమ్మేవారు చెప్పరు. పదేళ్లలో విలువ కోల్పోయే వస్తువు మీద బడ్జెట్‌లో పెద్ద వాటా పెట్టడం సబబు కాదు. ఆ డబ్బు ముందు స్పీకర్లకు, తర్వాత సబ్‌వూఫర్లకు, గదికి, యాంప్లిఫయర్‌కు వెళ్లాలి.

కోఠీ గుజరాతీ గల్లీలోను, జిల్లా కేంద్రాల్లోని చిన్న దుకాణాల్లోను బోర్డులు తెచ్చి అమర్చే అసెంబుల్డ్ 5.1 యాంప్ వాడినవారికి ఈ విభజన కొత్తేమీ కాదు. టీవీ నుంచి ఆప్టికల్ వైరు తీసి చిన్న డీకోడర్ పెట్టెకు ఇచ్చి, అక్కణ్ణుంచి ఆరు వైర్లు యాంప్‌కు కలుపుతారు. సూత్రం ప్రకారం అదీ ప్రాసెసర్, పవర్ యాంప్లిఫయర్ల జతే. ఆప్టికల్ వైరు డాల్బీ డిజిటల్‌ను, మామూలు డీటీఎస్‌ను మోయగలదు, ట్రూహెచ్‌డీని మోయలేదు. ఆ చిన్న పెట్టెల్లో గది సవరణ ఉండదు. స్పీకర్ దూరాలను సరిచేసే సదుపాయం కూడా చాలావాటిలో కనిపించదు.

శక్తి లెక్క

రిసీవర్ కరపత్రంలో రాసే 100, 125, 150 వాట్లు సాధారణంగా రెండు ఛానళ్లు మాత్రమే నడుస్తున్నప్పటి లెక్క. తొమ్మిది ఛానళ్లున్నా ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, వేడిని వదిలే హీట్‌సింక్ ఒక్కటే. అన్నీ ఒకేసారి పూర్తి శక్తితో నడిస్తే ఒక్కో ఛానల్‌కు దక్కేది అందులో సగమో, అంతకన్నా తక్కువో. సినిమాల్లో అన్ని స్పీకర్లూ ఒకేసారి పతాకస్థాయికి చేరడం అరుదే. అందుకే ఈ సర్దుబాటు చాలా ఇళ్లలో బయటపడదు.

తనకెంత శక్తి కావాలో ఎవరైనా లెక్కగట్టుకోవచ్చు. స్పీకర్ సున్నితత్వం 87 డెసిబెల్స్ అనుకుందాం. అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వినిపిస్తుంది. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది గనక నాలుగు మీటర్ల దూరంలోని సోఫా దగ్గర 75. సినిమా హాలు ప్రమాణం ప్రకారం ఒక్కో ప్రధాన ఛానల్ పతాకస్థాయి 105 డెసిబెల్స్. మధ్యనున్న తేడా 30. శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే కాబట్టి, ఆ 30 కోసం 1,000 వాట్లు కావాలి. ఇది చూసి కంగారుపడనక్కర్లేదు. ఇంట్లో ఆ స్థాయిలో వినేవారు చాలా తక్కువ. దానికి 12 డెసిబెల్స్ తగ్గించి వింటే కావలసింది 63 వాట్లే. పైగా గది గోడల నుంచి తిరిగొచ్చే ధ్వని కొంత కలిసొస్తుంది, 80 హెర్ట్జ్ కింది బరువంతా సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్ మోస్తుంది. చిన్న గదిలో, మితమైన వాల్యూమ్‌లో వినేవారికి రిసీవర్ శక్తి చాలు. పెద్ద హాలు, తక్కువ సున్నితత్వం ఉన్న స్పీకర్లు, 4 ఓమ్‌ల బరువు, గట్టిగా వినే అలవాటు కలిసినప్పుడు చాలదు.

చాలనప్పుడు కూడా మొదటి మందు ప్రాసెసర్ కాదు. రిసీవర్ వెనక, విడి యాంప్లిఫయర్‌కు సంకేతాన్ని అందించే ప్రీ-అవుట్ సాకెట్లుంటే మూడు ఛానళ్ల యాంప్లిఫయర్ ఒకటి కొని ముందరి మూడు స్పీకర్లను దానికి అప్పగిస్తే సరిపోతుంది. ఎక్కువ భారం పడేది ఆ మూడింటి మీదే. బరువు దిగిన రిసీవర్ మిగతా స్పీకర్లను సుఖంగా నడుపుతుంది. 2022లో వచ్చిన డెనాన్ ఏవీఆర్-ఎక్స్3800హెచ్ లాంటి మధ్యతరగతి రిసీవర్‌లో యాంప్లిఫయర్లు తొమ్మిదే ఉన్నా, ధ్వనిని 11 ఛానళ్లకు, నాలుగు సబ్‌వూఫర్లకు విడదీసే శక్తి ఉంది, అన్నిటికీ ప్రీ-అవుట్లు ఉన్నాయి. అమెరికాలో విడుదల నాటి ధర 1,699 డాలర్లు. 2023లో అదే కంపెనీల కుటుంబం నుంచి వచ్చిన మరాంజ్ ఏవీ 10 ప్రాసెసర్ 7,000 డాలర్లు, అదీ ఒక్క యాంప్లిఫయర్ కూడా లేకుండా. ఏవీ 10లో 15 ఛానళ్లున్నాయి, ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లున్నాయి, తయారీ దిట్టంగా ఉంటుంది. అయినా 7.1.4 అమరిక (చుట్టూ ఏడు స్పీకర్లు, సబ్‌వూఫర్, తలపై నాలుగు) దాటని ఇంటికి ఆ తేడా సొమ్ము సబ్‌వూఫర్లలో పెడితే వినిపించే ఫలితం ఎక్కువ. యాంప్లిఫయర్ లేని పెట్టె యాంప్లిఫయర్ ఉన్నదానికంటే ఖరీదు కావడం కొత్తవారికి వింతగా తోస్తుంది. రిసీవర్లు పెద్ద సంఖ్యలో అమ్ముడవుతాయి, ప్రాసెసర్లు వాటితో పోలిస్తే కొద్దిగానే పోతాయి. డిజైన్ ఖర్చు, డాల్బీ, డీటీఎస్ లైసెన్సుల ఖర్చు ఆ కొద్దిమంది మీదే పడుతుంది.

ప్రీ-అవుట్ పద్ధతిలో చూసుకోవలసింది ఒకటుంది. కొన్ని రిసీవర్లలో ప్రీ-అవుట్ వోల్టేజీ ఒక హద్దు దాటితే, వాడుకలో లేని లోపలి యాంప్లిఫయర్ నలిగి ఆ వికారాన్ని ప్రీ-అవుట్‌లోకీ పంపుతుంది. కొత్త మోడళ్లలో ‘ప్రీయాంప్ మోడ్’ పేరుతో లోపలి యాంప్లిఫయర్‌ను తెగ్గొట్టే ఏర్పాటు వచ్చింది. అది లేనిచోట ఎక్కువ గెయిన్ ఉన్న, అంటే అందిన సంకేతాన్ని ఎక్కువ రెట్లు పెంచే యాంప్లిఫయర్ ఎంచుకోవాలి. 29 డెసిబెల్స్ గెయిన్ ఉన్న యాంప్లిఫయర్ 8 ఓమ్‌ల స్పీకర్‌లోకి 200 వాట్లు ఇవ్వడానికి సుమారు 1.4 వోల్టులు అందితే చాలు. 26 డెసిబెల్స్ గెయిన్ ఉన్నదానికి 2 వోల్టులు కావాలి.

ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు చూసి మోజుపడేవారు వైరు పొడవు కొలుచుకోవాలి. యాంప్లిఫయర్లు తెర వెనక, ప్రాసెసర్ గది చివర ఉండి మధ్యలో పది మీటర్ల వైరు నడిస్తే ఎక్స్‌ఎల్‌ఆర్ వాడే సమతుల్య పద్ధతి దారిలో చేరే రొదను రద్దు చేస్తుంది. రెండూ ఒకే అలమరలో అడుగు దూరంలో ఉంటే మామూలు ఆర్‌సీఏ వైరుతో తేడా వినిపించదు. సాకెట్ ఎక్స్‌ఎల్‌ఆర్ అయినంత మాత్రాన లోపలి సర్క్యూట్ సమతుల్యమని కూడా కాదు.

గది

ప్రాసెసర్‌కు పెట్టే ప్రతి రూపాయికీ నిజమైన సమర్థన గది సవరణలో దొరుకుతుంది. ఐదు మీటర్ల పొడవున్న గదిని తీసుకుంటే, ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు గనక, ఆ పొడవు వెంట మొదటి నిలకడ తరంగం 34 హెర్ట్జ్ దగ్గర ఏర్పడుతుంది. వెనక గోడకు ఆనుకున్న సీట్లో ఆ స్వరం మోతెక్కిపోతుంది, గది మధ్యలో దాదాపు మాయమైపోతుంది. వెడల్పుకు, ఎత్తుకు మళ్లీ వేర్వేరు తరంగాలు. సుమారు 200, 300 హెర్ట్జ్ కింద మనం వినేది స్పీకర్‌ను కాదు, గదిని.

ఇక్కడ చాలామందికి అందని మెలిక ఒకటుంది. పొంగిన స్వరాన్ని ఈక్వలైజర్ కోసేయగలదు కానీ మాయమైనదాన్ని పుట్టించలేదు. ఎదురెదురు తరంగాలు ఒకదాన్నొకటి చెరుపుకుంటున్న చోట 10 డెసిబెల్స్ పెంచితే యాంప్లిఫయర్ మీద పది రెట్ల భారం పడుతుంది, సీటు దగ్గర మాత్రం పెద్దగా మార్పుండదు. ఎంత ఖరీదైన ప్రాసెసరైనా ఇక్కడ చేసేదేమీ లేదు. సీటు జరపడమో, సబ్‌వూఫర్ జరపడమో, ఇంకో సబ్‌వూఫర్ తేవడమో చేయాలి. ఆడియో కంపెనీ హార్మన్ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో ప్రకటించిన పని ఈ విషయంలో మైలురాయి. దీర్ఘచతురస్ర గదిలో ఎదురెదురు గోడల మధ్యల్లో పెట్టిన రెండు సబ్‌వూఫర్లు, లేదా నాలుగు గోడలకూ ఒక్కొక్కటి చొప్పున నాలుగు, సీటుకు సీటుకు ఉండే తేడాలను బాగా తగ్గిస్తాయని అది చూపింది. ప్రాసెసర్లలో నాలుగు సబ్‌వూఫర్ అవుట్‌పుట్లు రావడానికి దారి చూపింది ఇలాంటి పరిశోధనలే. కొనేటప్పుడు ఆ అవుట్‌పుట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పనిచేస్తాయో లేదో అడగాలి. ‘.2’ అని రాసి, లోపల ఒకే సంకేతాన్ని రెండు సాకెట్లకు చీల్చిన పరికరాలు చాలా ఉన్నాయి.

సవరణ పద్ధతుల్లో ఆడిసీది పాత పేరు. కాలిఫోర్నియాలో 2002లో మొదలైన ఈ కంపెనీ వెనక, సినిమా ధ్వనికి టీహెచ్‌ఎక్స్ ప్రమాణాలను రూపొందించిన టామ్లిన్సన్ హోల్మన్ కూడా ఉన్నాడు. డెనాన్, మరాంజ్‌లలో కనిపించే మల్ట్‌ఈక్యూ ఎక్స్‌టీ32 దీనిదే. ఎనిమిది చోట్ల మైకు పెట్టి కొలిచి తనంతట తాను సవరిస్తుంది. దాని లక్ష్యరేఖను మన ఇష్టానికి మార్చుకోవాలంటే విడిగా యాప్ కొనాలి. స్వీడన్ కంపెనీ డిరాక్ పద్ధతిలో ఆ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉంది. బహుళ సబ్‌వూఫర్లను పొందికగా నడిపే బేస్ కంట్రోల్, ఒక స్పీకర్ రేపిన మోతను మిగతా స్పీకర్లతో అణచే ఏఆర్‌టీ దాని మీద అదనపు మెట్లు, వాటికి అదనపు లైసెన్సులు. ఆంథెమ్‌కు సొంత ఏఆర్‌సీ, యమహాకు వైపావో, డెన్మార్క్ లింగ్‌డార్ఫ్‌కు రూమ్‌పర్ఫెక్ట్, ఫ్రాన్స్ ట్రిన్నావ్‌కు నాలుగు క్యాప్సూళ్ల మైకుతో పనిచేసే ఆప్టిమైజర్ ఉన్నాయి. ఏది గొప్పదన్న వాదం ఎడతెగదు. బేస్‌లో ఇవన్నీ ఏమీ లేనిదానికంటే చాలా మెరుగు. వాటి మధ్య తేడాలు మనం ఎంత శ్రద్ధగా కొలుస్తామన్నదాని మీద ఎక్కువ ఆధారపడతాయి. మైకును చేత్తో పట్టుకోకుండా ట్రైపాడ్‌కు బిగించాలి. ఫ్యాన్, ఏసీ, వంటింట్లో మిక్సీ ఆపాలి.

పై స్వరాల్లో సవరణ ఎంత దూరం పోవాలన్నదాని మీద పండితుల్లోనే భేదాభిప్రాయం ఉంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలోను, తర్వాత హార్మన్‌లోను పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ వాదన ప్రకారం, మంచి స్పీకర్‌ను గది ప్రభావం తగ్గిన పౌనఃపున్యాల పైన ముట్టుకోకపోవడమే మేలు. మైకుకు వినిపించినట్టు చెవికి వినిపించదు గనక దిద్దుబాటే చెరుపవుతుంది. ఈ వాదన బలమైనదే. అందువల్ల సవరణను ఏ హద్దు దగ్గర ఆపాలో నిర్ణయించుకోనిచ్చే ప్రాసెసర్‌ను, అన్నీ తానే చేసేస్తానని కూర్చునేదానికంటే ముందు లెక్కించాలి.

ప్రాసెసర్ మారిస్తే ఏమి మారుతుందో ఊహించడానికి బదులు ఉన్న గదిని ముందు కొలిచి చూడవచ్చు. జాన్ మల్కాహీ రూపొందించిన రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మినీడీఎస్పీ వారి యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు దానికి తోడైతే ఒక సాయంత్రంలో గది జాతకం తెలిసిపోతుంది. ప్రాసెసర్ కొనాలన్న కోరిక కొందరిలో ఆ సాయంత్రంతోనే చల్లారి, రెండో సబ్‌వూఫర్ కొనాలన్న కోరికగా మారుతుంది.

తెలుగు రాష్ట్రాల్లోని ఇళ్లకు ఈ విభాగం మరింత వర్తిస్తుంది. అమెరికా ఇళ్ల చెక్క చట్రం, జిప్సమ్ పలకల గోడలు బేస్‌ను కొంత పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి. ఇటుక, సిమెంటు గోడ అదేమీ చేయదు. బేస్ గదిలోనే నిలిచి బలంగా వినిపిస్తుంది, నిలకడ తరంగాలూ అంతే మొండిగా ఉంటాయి. కింద విట్రిఫైడ్ టైల్స్, పైన స్లాబ్, ఓ పక్క పెద్ద అద్దం కిటికీ ఉంటే మాటలు స్పష్టత కోల్పోయి గిర్రుమంటాయి. దానికి మందు మందపాటి తివాచీ, బరువైన పరదాలు, గోడలకు ధ్వని పీల్చే పలకలు. ఖాళీ గదిలో పెట్టిన ఖరీదైన ప్రాసెసర్ కంటే, ఇలా కాస్త ముస్తాబు చేసిన గదిలోని మామూలు రిసీవర్ బాగా పలుకుతుంది.

ఎన్ని ఛానళ్లు

అట్మాస్ సినిమా హాలులో 64 స్పీకర్లను వేర్వేరుగా నడపగలదు, ఇంట్లో 34 వరకు అనుమతిస్తుంది. కాగితం మీద అంకెలివి. 7.1.4 అమరికకు సబ్‌వూఫర్ కాక 11 ఛానళ్లు, 9.1.6కు 15 ఛానళ్లు కావాలి. రిసీవర్ల రాజ్యం ప్రస్తుతం 11, 13, మహా అయితే 15 దగ్గర ముగుస్తుంది. రెండు వరసల సీట్లున్న పెద్ద గది కాకపోతే 11 దాటడం అంకెల మోజే. తలపై స్పీకర్లు నాలుగైతే సీటు నుంచి ముందుకు 45 డిగ్రీల కోణంలో రెండు, వెనక్కు అంతే కోణంలో రెండు ఉండాలి. స్లాబు కింద ఫాల్స్ సీలింగ్ వేసేనాడే ఆరు స్పీకర్లకు వైర్లు లాగి పెట్టుకోవడం వివేకం, వాడేది నాలుగే అయినా సరే.

వినే సరుకు సంగతీ చూసుకోవాలి. భారతీయ సినిమాలో అట్మాస్ 2012 చివర శివాజీ త్రీడీతో అడుగుపెట్టింది. 2015లో బాహుబలి నాటికి పెద్ద తెలుగు చిత్రాలకు అది పరిపాటి అయింది. బెల్జియంలో పుట్టిన ఆరో-3డీలో కమల్ హాసన్ విశ్వరూపం 2013లో వచ్చినా, ఆ రూపంలో సినిమాలు చాలా కొద్ది. ఆరో లోగో కోసం ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. స్టీరియో పాటలను పై స్పీకర్లకు విస్తరించే దాని ఆరోమాటిక్ పద్ధతిని ఇష్టపడేవారు మాత్రం ఉన్నారు. 1957 నాటి మాయాబజార్ లాంటి మోనో చిత్రాన్ని ఇలా పదకొండు దిక్కులకు చల్లడం కంటే మధ్య స్పీకర్‌లోనే వదిలేయడం న్యాయం.

స్ట్రీమింగ్ యాప్‌లలో వచ్చే అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ మీద ఎక్కి వస్తుంది, నెట్‌ఫ్లిక్స్‌లో గరిష్ఠంగా సెకనుకు 768 కిలోబిట్లు. బ్లూరేలోని ట్రూహెచ్‌డీ అట్మాస్‌లో కుదింపు వల్ల పోయేదేమీ ఉండదు. కేవలం యాప్‌ల మీదే సినిమాలు చూసేవారికి ప్రాసెసర్ లోపలి డిజిటల్-అనలాగ్ (డీ-ఏ) కన్వర్టర్ చిప్ ఏ కంపెనీదన్నది పట్టించుకోనవసరం లేని విషయం. 16 బిట్ల సీడీకి సిద్ధాంతరీత్యా 98 డెసిబెల్స్ వ్యాప్తి ఉంటుంది, నిశ్శబ్దంగా ఉందనుకునే గదిలోనే 30 డెసిబెల్స్ రొద ఉంటుంది. ప్రయోగశాల కొలతల్లో చూస్తే కొన్ని ఖరీదైన ప్రాసెసర్లు ఈ 16 బిట్ల స్థాయిని కూడా అందుకోవు, కొన్ని చవక రిసీవర్లు దాన్ని దాటిపోతాయి. ధరను బట్టి నాణ్యతను ఊహించడం ఇక్కడ పనికిరాదు.

హెచ్‌డీఎంఐ గొడవ

బొమ్మ, ధ్వని, కాపీరైట్ కాపలా అన్నీ ఒకే వైరులో పోయే ఈ పద్ధతిలోనే ప్రాసెసర్ కష్టాలు ఎక్కువ. 2020లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన కొన్ని జపాన్ బ్రాండ్ల రిసీవర్లు, అప్పుడే వచ్చిన ఎక్స్‌బాక్స్ నుంచి సెకనుకు 120 ఫ్రేముల 4కే బొమ్మను టీవీకి చేర్చలేక నల్లతెర చూపాయి. లోపం అందరూ వాడిన ఒకే చిప్‌లో ఉంది. అదే ఏడాది అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో అసాహీ కాసేయ్ చిప్‌ల కర్మాగారం కాలిపోయి, ధ్వని కన్వర్టర్ చిప్‌లు దొరక్క ఎన్నో ప్రాసెసర్లు, రిసీవర్లు ఆలస్యమయ్యాయి, కొన్నిటికి లోపలి చిప్‌లే మార్చవలసి వచ్చింది.

ఈ గొడవ నుంచి తప్పించుకునే తేలిక దారి ఈఏఆర్‌సీ. గేమింగ్ యంత్రం, స్ట్రీమింగ్ పెట్టె నేరుగా టీవీకి కలిపి, టీవీ నుంచి ధ్వనిని మాత్రం ఈఏఆర్‌సీ ద్వారా ప్రాసెసర్‌కు తెచ్చుకోవచ్చు. బొమ్మ ప్రమాణాలు ఎన్ని మారినా ప్రాసెసర్‌కు సంబంధం ఉండదు. కొన్ని టీవీలు డీటీఎస్ ధ్వనిని దాటనివ్వవు కాబట్టి బ్లూరే ప్లేయర్‌ను మాత్రం ప్రాసెసర్‌కే కలపాలి. ప్రొజెక్టర్ వాడేవారికి ఈ వెసులుబాటు తక్కువ. వారు హెచ్‌డీఎంఐ తరాన్ని గట్టిగా పట్టించుకోవాలి.

దొరికే సరుకు

సంప్రదాయ జపాన్ పద్ధతిలో మరాంజ్ ఏవీ వరుస ఉంది, 2018లో వచ్చిన యమహా సీఎక్స్-ఏ5200 కూడా ఆ కోవదే. ఇవి నిజానికి ఆయా కంపెనీల పెద్ద రిసీవర్ల మెదళ్లే, మంచి విద్యుత్ సరఫరాతో, మెరుగైన అవుట్‌పుట్లతో. కెనడా ఆంథెమ్ వారి ఏవీఎం 70, ఏవీఎం 90లది ఇంకో దారి. లక్షణాల జాబితా పొట్టిగా, గది సవరణ గట్టిగా ఉంటుంది. మోనోప్రైస్ హెచ్‌టీపీ-1 పదహారు ఛానళ్లను, డిరాక్‌ను అందుబాటు ధరకు తెచ్చింది. అందరికంటే పైన ట్రిన్నావ్ ఆల్టిట్యూడ్32 ఉంటుంది. ఇది ప్రత్యేక ధ్వని చిప్‌ల బదులు మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ మీద నడుస్తుంది. అందువల్లే కొత్త ధ్వని రూపాలు సాఫ్ట్‌వేర్‌గా చేరుతూ, 2014లో వచ్చిన పరికరం ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. పాతబడకుండా నిలిచిన ప్రాసెసర్‌కు ఇది అరుదైన ఉదాహరణ. దాని ధర మాత్రం మంచి కారు ధర. కార్డులు మార్చుకునే పద్ధతిని ఎన్ఏడీ తక్కువ ధరలోనే ప్రయత్నించింది. కొత్త కార్డు ఎప్పుడొస్తుందన్నది కంపెనీ దయ.

కంపెనీ నిలకడ కూడా లెక్కలోకి రావాలి. ఒకప్పుడు రిసీవర్లకు పెట్టింది పేరైన ఒన్‌క్యో గృహ వినోద విభాగం 2022లో దివాలా తీసింది. బ్రాండ్ కొత్త చేతుల్లోకి మారి బతికింది. ప్రాసెసర్ అంటే సగం సాఫ్ట్‌వేర్. దాన్ని దిద్దేవారు లేకపోతే లోపాలు అలాగే మిగిలిపోతాయి. కొత్త మోడల్ వచ్చిన మొదటి ఆరు నెలలు ఆగి కొనడం ఈ రంగంలో మంచి అలవాటు.

అమెరికా నుంచి తెచ్చుకుంటే

అక్కడి చుట్టాల చేత తెప్పించుకోవడం తెలుగువారిలో మామూలే. అమెరికా మోడళ్లు చాలావరకు 120 వోల్టులకు మాత్రమే చేసినవి. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది. వెనక పలక మీద 100–240 అని ఉంటే ఇబ్బంది లేదు, లేకపోతే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. ఈ ఒక్క విషయంలో విడి పెట్టెలు లాభిస్తాయి. ప్రాసెసర్ వాడే కరెంటు కొద్దిదే గనక దానికి చిన్న స్టెప్-డౌన్ చాలు. కరెంటు తాగే యాంప్లిఫయర్లను ఇక్కడే కొనుక్కోవచ్చు. వారంటీ మాత్రం సముద్రం దాటి రాదు. రిపేరు వస్తే సూట్‌కేసులో మళ్లీ అమెరికా పోవాలి.

పెట్టెలు పెరిగేకొద్దీ గుయ్యిమనే రొద కూడా తగులుకుంటుంది. కేబుల్ టీవీ వైరు ఒక దారిన, పవర్ ప్లగ్గులు ఇంకో దారిన భూమిని చేరితే పుట్టే గ్రౌండ్ లూప్ అది. ముందు కేబుల్ వైరు పీకి చూడాలి. రొద ఆగితే దొంగ దొరికినట్టే, ఆ వైరుకు ఐసొలేటర్ వేస్తే చాలు. యాంప్లిఫయర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని కొందరు ఎలక్ట్రీషియన్లు ఇచ్చే సలహా ప్రాణాంతకం. ఇంట్లో సరైన ఎర్తింగ్ ఉందో లేదో ఈ సామాను దిగకముందే చూపించుకోవాలి.

పాత రిసీవర్

ప్రాసెసర్ వచ్చాక రిసీవర్‌ను కారుచౌకగా అమ్మేయడం రివాజు. దాని వెనక ‘మల్టీ ఛానల్ ఇన్’ అన్న ఆరో ఎనిమిదో అనలాగ్ సాకెట్లుంటే తొందరపడనక్కర్లేదు. 2000ల నాటి రిసీవర్లలో ఇవి సాధారణం, కొత్తవాటిలో అరుదు. ప్రాసెసర్ అవుట్‌పుట్లు వాటికి కలిపి, రిసీవర్ వాల్యూమ్‌ను ఒక స్థాయిలో కదలకుండా బిగించి, గది సవరణను ప్రాసెసర్‌కే వదిలేస్తే అది సరౌండ్, తలపై స్పీకర్లకు ఐదో ఏడో ఛానళ్ల పవర్ యాంప్లిఫయర్‌గా పనికొస్తుంది. ఆ ఛానళ్లు చాలితే కొత్తగా కొనవలసింది ముందరి మూడు స్పీకర్లకు యాంప్లిఫయర్ ఒక్కటే. ఆ బిగించిన వాల్యూమ్‌ను ఇంట్లో ఎవరూ రిమోట్‌తో కదపకుండా, రిసీవర్ రిమోట్‌లోని బ్యాటరీలు తీసి పక్కన పెడితే సరి.